‘నిజ సంఘటన’ అని చెప్పే గ్రహాంతర అపహరణ సినిమాలను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న (కావలి నుంచి):
తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, 2009లో వచ్చిన ‘ది ఫోర్త్ కైండ్’ చిత్రం చూసినప్పటి నుంచి రాత్రిళ్లు లైటు ఆర్పనివ్వడం లేదు. అలాస్కాలోని నోమ్ పట్టణంలో గ్రహాంతరవాసులు మనుషులను ఎత్తుకుపోయారని, చూపిస్తున్నవి అసలైన వీడియోలని అందులో చెబుతారు. అది కల్పనేనని నా నమ్మకం. కానీ ‘మీకెలా తెలుసు నాన్నా?’ అంటే చూపించడానికి నా దగ్గర ఆధారం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (నెల్లూరు):
‘అసలైన వీడియోలు’ అని చూపినవి కూడా నటులతో తీసిన దృశ్యాలేనండీ. నోమ్‌లో కొందరు కనబడకుండా పోయిన మాట వాస్తవమే. దానిపై ఎఫ్‌బీఐ విచారించి, మితిమీరిన మద్యం, అక్కడి భయంకరమైన చలి ప్రధాన కారణాలని తేల్చింది. చిత్ర ప్రచారం కోసం అలాస్కా పత్రికల పేర్లతో బూటకపు వార్తలు ఇంటర్నెట్‌లో పెట్టినందుకు పంపిణీ సంస్థ యూనివర్సల్ అక్కడి ప్రెస్ క్లబ్‌కు 20,000 డాలర్లు చెల్లించి రాజీపడింది. అయినవారిని పోగొట్టుకున్న కుటుంబాల దుఃఖం మీద ఇలాంటి కథ అల్లడం నాకు ఎంతో బాధ కలిగించింది.

జవాబు (ఒంగోలు):
ఈ కథలకు మూలం అమెరికాలోని బార్నీ, బెట్టీ హిల్ దంపతుల ఉదంతం. 1961 సెప్టెంబరులో ఒక రాత్రి కారులో వస్తూ ఆకాశంలో వెలుగు చూశామన్నారు. తర్వాత బెట్టీకి ఎత్తుకుపోయినట్టు పీడకలలు వచ్చాయి. 1964లో వారిని హిప్నాటిజంతో ప్రశ్నించిన మానసిక వైద్యుడు డాక్టర్ సైమన్, అపహరణ భాగం ఆ కలల నుంచే పుట్టిందని అభిప్రాయపడ్డారు. హిప్నాటిజంలో మనిషి గుర్తుచేసుకునేదానిలో ఊహ కూడా కలిసిపోతుంది, పైగా అదే నిజమన్న ధీమా పెరుగుతుంది.

ఇక రాత్రి మెలకువ వచ్చి, కాలూ చెయ్యీ కదలక, గదిలో ఎవరో ఉన్నట్టు తోచే స్థితిని నిద్ర పక్షవాతం అంటారు. కలలు వచ్చే నిద్రలో కండరాలు సడలి కదలకుండా ఉంటాయి. ఆ సడలింపు వీడకముందే తెలివి వస్తే ఇలా జరుగుతుంది. పొదిలి దగ్గర మా ఊళ్లో అవ్వ దీన్నే ‘దయ్యం గుండెల మీద కూర్చుంది’ అనేది. సినిమాలు చూసి పెరిగినవారికి అక్కడ గ్రహాంతరవాసి కనబడితే ఆశ్చర్యమేముంది?

ప్రశ్నించినవారు (కావలి):
ఇద్దరికీ కృతజ్ఞతలు. చదివి వినిపించాను. ‘అయితే హిల్ వాళ్లు అబద్ధమాడారా?’ అని అడుగుతోంది.

జవాబు (ఒంగోలు):
లేదని చెప్పండి. వారు భయపడింది నిజం, నమ్మి చెప్పిందీ నిజం. మా అవ్వ కూడా అబద్ధం చెప్పలేదు.