ఈత రాని వాళ్ళని హౌస్ రీఫ్‌లో దింపొచ్చా? మా ఇంట్లో తెగని పంచాయితీ

వైట్‌ఫీల్డ్ వాసి:
మూడు రోజులుగా ఇంట్లో నలుగుతున్న గొడవ, మీరే తేల్చండి. జనవరి రెండో వారంలో మాల్దీవ్స్ వెళ్తున్నాం, నార్త్ మాలే అటోల్‌లో ఒక రిసార్ట్, నాలుగు రాత్రులు. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ మావాడు, మా అత్తగారు. బెంగళూరు నుంచి డైరెక్ట్ ఫ్లైట్, అక్కడ్నుంచి స్పీడ్ బోట్. ఆ రిసార్టే ఎందుకంటే బీచ్ నుంచి నడుచుకుంటూ దిగితే చాలు, రీఫ్, అంటే పగడాల దిబ్బ, అక్కడే ఉంటుందట. దాన్నే హౌస్ రీఫ్ అంటారు.

సమస్య ఏంటంటే మావాడికి ఈత బాగా వచ్చు, నాకు అపార్ట్‌మెంట్ పూల్‌లో రెండు రౌండ్ల వరకు వచ్చు, మా ఆవిడకి అసలు రాదు. తను మాత్రం లైఫ్ జాకెట్ ఇస్తారు కదా, నేనూ దిగుతా అంటోంది. చెన్నైలో ఉన్న మా బావమరిది ఫోన్ చేసి, ఈత రాని వాళ్ళు సముద్రంలో దిగడమేంటి, బుద్ధి ఉందా బావా అని నన్ను తిట్టాడు. అంటే అక్క మీద కోపం నా మీద చూపించాడు. వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి. దింపొచ్చా, లేక ఒడ్డున కూర్చోబెట్టి ఫొటోలు తీయించుకోవాలా?

బిల్లుబాబాయ్:
ఈత సంగతి తర్వాత, ముందు బిల్లు చూసుకున్నారా? వెబ్‌సైట్‌లో రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటాయి, అవి అలంకారానికి పెట్టినవి కావు. పది శాతం సర్వీస్ చార్జి, దాని మీద మళ్ళీ టూరిజం జీఎస్టీ. ఆ జీఎస్టీని 2025 జూలై నుంచి 17 శాతం చేశారు. అంటే 400 డాలర్ల గది చివరికి 515 దాకా తేలుతుంది. ఇది కాక గ్రీన్ ట్యాక్స్, రిసార్ట్ అయితే మనిషికి రాత్రికి 12 డాలర్లు, పిల్లాడికీ కట్టాల్సిందే. నలుగురికి నాలుగు రాత్రులకి లెక్కేసుకోండి. ఈ డబ్బుతో చెన్నై నుంచి అండమాన్‌కి రెండుసార్లు వెళ్ళిరావచ్చు. నేను పోరూర్‌లో ఉంటాను, పొద్దున ఫ్లైట్ ఎక్కితే రెండున్నర గంటల్లోపే పోర్ట్ బ్లెయిర్. పేరు మార్చారు లెండి, ఇప్పుడు శ్రీ విజయపురం.

వైట్‌ఫీల్డ్ వాసి:
బాబాయ్, బుక్ అయిపోయింది. మానుతున్న గాయం మీద కారం చల్లకండి.

గోదారి గట్టు:
దింపండి సార్, ఇందులో ఆలోచించేదేముంది. పోయినేడాది అండమాన్‌లో హావ్‌లాక్ దీవికి వెళ్ళాం, ఎలిఫెంట్ బీచ్‌లో మా ఆవిడకి, వదినకి ఇద్దరికీ ఈత రాదు. లైఫ్ జాకెట్ వేసి, చేతికి ఒక ట్యూబ్ ఇచ్చి, గైడ్ కుర్రాడు లాక్కుంటూ తిప్పాడు. ఆ కుర్రాడు మన శ్రీకాకుళం మనిషే, అక్కడ తెలుగువాళ్ళు బోలెడంత మంది. నీలం చేపలు, పసుపు చేపలు, ఇంత లావు చిలకచేప పగడాన్ని పటపటా కొరుకుతున్న శబ్దం నీళ్ళలో వినిపించింది. ఇంటికొచ్చి ఏడాది అవుతున్నా మా వదిన ఇప్పటికీ అదే చెప్తుంది. ఈత రాదని ఆవిడని ఒడ్డున కూర్చోబెట్టి ఉంటే?

మనం నేర్చుకున్నదెలా? నడుముకి సొరకాయ బుర్ర కట్టి మా మావయ్య కాలవలోకి తోసేశాడు. ఈతకు మించిన లోతు లేదు అన్నారు పెద్దలు.

లంగరు:
గోదారి గారూ, ఆ సామెత ఈత వచ్చిన వాళ్ళ కోసం పుట్టింది. రాని వాళ్ళకి నాలుగడుగులు కూడా లోతే.

నేను హావ్‌లాక్‌లో ఒక డైవ్ షాపులో నాలుగేళ్ళు పనిచేశాను, ఇప్పుడు వేళచ్చేరిలో ఉంటున్నా. మీ వదినగారిని లాక్కెళ్ళిన కుర్రాడిలాంటి వాళ్ళతోనే తిరిగాను, వాళ్ళ కష్టం నాకు తెలుసు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. కానీ ఆ పద్ధతిలో ఏం జరుగుతుందో కూడా తెలుసు. మనం వేసుకునే ఆ నారింజ లైఫ్ జాకెట్ మనిషిని నిలువుగా తేల్చడానికి చేసింది. స్నార్కెలింగ్‌లో, అంటే మాస్క్, ఊపిరి గొట్టం పెట్టుకుని నీళ్ళ పైనుంచే కిందికి చూడ్డంలో, బోర్లా పడుకోవాలి. జాకెట్ పైకి లాగుతుంటే కాళ్ళు కిందికి దిగిపోతాయి, మాస్క్‌లోకి నీళ్ళొస్తాయి, భయం వేస్తుంది, కాళ్ళ కింద ఏదో తగులుతుంది, నిలబడతారు. ఆ తగిలింది పగడం. రాయి అనుకుంటారు, అది ప్రాణమున్నది, లక్షల చిన్న చిన్న జీవులు కలిసి కట్టుకున్నది. కొమ్మల్లా పెరిగేవి త్వరగా పెరుగుతాయి గానీ బండలా ఉండేవి ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గొప్ప. ఒక ఫ్యామిలీ గ్రూపు పది నిమిషాలు నిలబడితే చాలు, నాకంటే పెద్ద వయసున్న దాన్ని విరిచి వెళ్తారు, పైగా కాలు కోసుకుంటారు. ఆ గాయాలు మానడానికి చాలా రోజులు పడుతుంది, నా మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది.

వైట్‌ఫీల్డ్ గారూ, మీకు రెండు ప్రశ్నలు. ఒకటి, మీ రిసార్ట్‌లో బీచ్ నుంచి రీఫ్ అంచు ఎంత దూరం? అక్కడ నేల నడుము లోతు నుంచి ఒక్కసారిగా లోయలా దిగిపోతుంది, చూడ్డానికి అద్భుతం, ఈత రాని వాళ్ళకి కిందకి చూడగానే కడుపులో తిప్పేస్తుంది. కొన్ని రిసార్టుల్లో ఆ అంచు 30 మీటర్లలో ఉంటుంది, కొన్నిట్లో లగూన్ (ఒడ్డుకీ రీఫ్ అంచుకీ మధ్య లోతు తక్కువ నీళ్ళు) అంతా దాటి అర కిలోమీటరు. రెండు, నీళ్ళ మీద కట్టిన వాటర్ విల్లా తీసుకున్నారా? చాలా చోట్ల దాని కింద ఇసుకే ఉంటుంది, చేపల కోసమని దాని మీద డబ్బు పోయకండి.

కోరమంగళ కోడలు:
ఇంతమంది మగవాళ్ళు "దింపాలా వద్దా" అంటున్నారు, ఆవిడేమైనా పడవా దింపడానికి? ఒక్కరైనా ఆవిడని ఈత నేర్చుకోమని చెప్పారా?

నాకు 41 ఏళ్ళకి వచ్చింది ఈత. మా ఊళ్ళో అన్నయ్యలందరూ దిగుడుబావిలో దూకేవాళ్ళు, మేం గట్టు మీద బట్టలు కాపలా కాసేవాళ్ళం. ఆడపిల్ల బావిలో దిగితే ఊరంతా చూస్తుందని. తర్వాత బెంగళూరు వచ్చాక అపార్ట్‌మెంట్‌లో పూల్ ఉంది, కానీ లేడీస్ టైమ్ పొద్దున పదకొండుకి పెట్టారు, ఉద్యోగం చేసే ఆడది పదకొండుకి ఎక్కడ దిగుతుంది? 2024 వేసవిలో నీళ్ళ కరువొచ్చి, పూల్స్‌కి తాగునీళ్ళు వాడొద్దని జలమండలి ఆర్డర్ వేస్తే అది కాస్తా ఎండిపోయింది. చివరికి బయట ఒక కోచ్ దగ్గర ఆరు వారాలు, వారానికి మూడు రోజులు వెళ్ళాను. ఫుల్ స్లీవ్స్ రాష్ గార్డ్, కింద లెగ్గింగ్స్, ఎవరూ ఏమీ అనలేదు. ఎండకి వీపు కాలకుండా సముద్రంలో కూడా అదే వేసుకున్నాను.

వైట్‌ఫీల్డ్ గారూ, ఇప్పుడు సెప్టెంబరు. జనవరికి ఎన్ని వారాలుందో మీరే లెక్కపెట్టుకోండి. గదికి అంత డబ్బు పెట్టారు, ఆవిడ ఈత క్లాసుకి కొన్ని వేలు పెట్టలేరా?

గోదారి గట్టు:
అమ్మా, నేర్చుకోవడం మంచిదే, నేను కాదనలేదు. కానీ నేర్చుకున్నాకే సముద్రం చూడాలంటే మన దేశంలో సగం మంది చూడలేరు. లంగరు గారికి ఒక ప్రశ్న. అదే హావ్‌లాక్‌లో "ఈత రాకపోయినా స్కూబా చేయొచ్చు" అని బోర్డులు పెట్టి 12 మీటర్ల లోతుకి తీసుకెళ్తారు కదా, మరి పైన తేలడానికి ఈత కావాలా?

లంగరు:
మంచి ప్రశ్న. నేనూ తీసుకెళ్ళాను అలా. అక్కడ ఒక మనిషికి ఒక ఇన్‌స్ట్రక్టర్, మీ సిలిండర్ పట్టుకునే ఉంటాడు, మీ జాకెట్‌లో గాలి ఎంతుండాలో కూడా అతనే చూసుకుంటాడు. మీరు చేసేదల్లా ఊపిరి తీసుకోవడం, చెవులు సర్దుకోవడం. స్నార్కెలింగ్‌లో అలలు, నీటి లాగుడు, గొట్టంలోకి వచ్చిన నీళ్ళు, అన్నీ మీరే చూసుకోవాలి. పైగా రిసార్ట్‌లో మాస్క్, ఫిన్స్ కౌంటర్లో ఇచ్చి సంతకం తీసుకుని పంపించేస్తారు, మీతో ఎవరూ రారు. చూడ్డానికి తేలిక అనిపించేదే స్నార్కెలింగ్, అందుకే దాంట్లో జాగ్రత్త తక్కువ.

మొసళ్ళ గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్తున్నా. 2010లో హావ్‌లాక్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. అందుకే అండమాన్‌లో "ఇక్కడ దిగొద్దు" అని బోర్డున్న చోట దిగకండి. మాల్దీవ్స్‌లో ఆ గొడవ లేదు. అక్కడ ఒడ్డు దగ్గర మీ కాళ్ళ పక్కన తిరిగే చిన్న షార్కులు మనల్ని చూసి పారిపోయే రకం. జాగ్రత్త పడాల్సింది టైటాన్ ట్రిగ్గర్ ఫిష్‌తో. గుడ్లు పెట్టిన గూడు కాపలా కాసేటప్పుడు మీదికి వచ్చి కొరుకుతుంది. అది తనదనుకునే జాగా గూటి నుంచి పైకి గరాటులా వెడల్పవుతుంది, కాబట్టి భయపడి పైకి లేస్తే ఇంకా దాని హద్దులోనే ఉంటారు, పక్కకి ఈదుకుంటూ పోవాలి. ఇదిగో, దీనికి కూడా ఈత కావాలి.

స్టెతస్కోపు:
అందరూ భార్యగారి గురించే మాట్లాడుతున్నారు, అత్తగారి సంగతేంటి? వయసెంత, బీపీ ఉందా? హవాయిలో స్నార్కెలింగ్ మరణాల మీద ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. అన్నీ నీళ్ళు మింగి మునిగిపోయినవి కావని తేలింది. సన్నటి గొట్టంలోంచి కష్టపడి గాలి లాగుతుంటే కొందరికి ఊపిరితిత్తుల్లోనే నీరు చేరుతుంది, గుండె జబ్బున్న వాళ్ళకి ప్రమాదం ఎక్కువ. కేకలు, కొట్టుకోవడం ఏమీ ఉండదు, ఆయాసం, నీరసం, అంతే, ఒడ్డు నుంచి చూసేవాళ్ళకి ప్రశాంతంగా చేపలు చూస్తున్నట్టే ఉంటుంది. ఆయాసం అనిపించిన క్షణమే మాస్క్ తీసేసి, వెల్లకిలా తిరిగి సాయం అడగాలి. ఈత బాగా వచ్చిన వాళ్ళకీ ఇది జరిగింది కాబట్టి, ఈత ఒక్కటే మందు అన్నట్టు మాట్లాడకండి లంగరు గారూ.

లంగరు:
ఒప్పుకుంటున్నా డాక్టర్ గారూ. నేను చూసిన ప్రమాదాల్లో రెండింటికి ఇప్పటిదాకా కారణం అర్థం కాలేదు. మీరు చెప్పాక ఆలోచిస్తున్నా.

వైట్‌ఫీల్డ్ వాసి:
అత్తగారికి 63, బీపీ మాత్రలు వేసుకుంటారు. ఆవిడకి అడుగున అద్దం ఉండే గ్లాస్ బాటమ్ బోట్ అని తేల్చేశాం, "నేను దిగుతానని ఎవరన్నార్రా, నాకు పడవే చాలు" అన్నారు. మేమే ఊరికే కంగారు పడ్డాం.

రిసార్ట్‌కి మెయిల్ పెట్టాను, రీఫ్ అంచు బీచ్ నుంచి 40 మీటర్లట. 2024లో నీళ్ళు వేడెక్కి పగడాలు కొన్ని తెల్లబడ్డాయని వాళ్ళే రాశారు, చేపలు మాత్రం బాగానే ఉన్నాయట. దాచిపెట్టకుండా చెప్పినందుకు మెచ్చుకున్నా.

ఇక మా ఆవిడ. ఈ పోస్టులన్నీ చూపించాను. కోరమంగళ కోడలు గారు రాసింది చదివి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "నాకూ బట్టలకి కాపలానే" అంది. పెళ్ళయి పన్నెండేళ్ళయింది, ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదనుకోండి. సోమవారం నుంచి క్లాసు. లంగరు గారూ, జనవరికల్లా ఏం వస్తే సరిపోతుంది?

లంగరు:
స్పీడు అక్కర్లేదు, స్టైల్ అక్కర్లేదు. మాస్క్, గొట్టం పెట్టుకుని ఐదు నిమిషాలు బోర్లా తేలగలగాలి. గొట్టంలోకి నీళ్ళొస్తే గట్టిగా ఊది బయటికి పంపడం రావాలి. కాళ్ళందని చోట మాస్క్ ఊడిపోయినా కంగారు పడకుండా వెల్లకిలా తిరిగి తేలడం రావాలి, అన్నిట్లోకీ ఇదే ముఖ్యం. ఇవి వచ్చాక కూడా అక్కడ మొదటి రోజు గైడ్‌తోనే, నారింజ జాకెట్ కాకుండా ఛాతీ మీద ఊదుకునే స్నార్కెల్ వెస్ట్ అడిగి వెళ్ళండి. ఇవి రాకపోతే నడుము లోతు లగూన్‌లో ఇసుక మీదే ఉండండి, అక్కడా చేపలుంటాయి.

గోదారి గట్టు:
నా మాట మీదే నేనున్నా, గైడ్ పక్కనుంటే రానివాళ్ళనీ తీసుకెళ్ళొచ్చు. కాకపోతే కాళ్ళు పెట్టే విషయం ఒప్పుకుంటున్నా. మా ఫొటోల్లో చూశాను, మా వదిన నిలబడే ఉంది.

వైట్‌ఫీల్డ్ వాసి:
చివరి డౌటు. ఇవాళ పూల్‌లో నేను మాస్క్ పెట్టి చూశాను, ఎంత బిగించినా ముక్కు కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. మాస్క్ మార్చాలా?

లంగరు:
మీసం ఉందా?

వైట్‌ఫీల్డ్ వాసి:
ఉంది. గుబురుగా.

లంగరు:
మాస్క్ తప్పేం లేదు. అంచు కూర్చునే చోట, ముక్కు కింద సన్నటి గీత కత్తిరించుకోండి, మిగతాది ఉంచుకోవచ్చు.

కోరమంగళ కోడలు:
ఆవిడ ఈత నేర్చుకుంటోంది, మీరు మీసం తీయలేరా?