అరవై మందికి పొరల చాక్లెట్ స్వీట్: విప్డ్ క్రీమా, ఉడికించిన పుడ్డింగా?

నిజాంపేట నివాసి:
మే రెండో శనివారం రాత్రి మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద అందరం కలిసి భోజనాలు. ఇంటికో వంటకం. నా వాటాకి స్వీటు వచ్చింది, పిల్లలేమో చాక్లెట్ తప్ప ఇంకోటి వద్దని పట్టుబట్టారు. మొత్తం అరవై మంది, సగం పిల్లలే. కొన్ని ఇళ్లలో గుడ్డు తినరు కాబట్టి గుడ్డు, జెలటిన్ రెండూ వద్దు. నా ఓవెన్ చిన్నది, అన్ని కేకులు కాల్చడం కుదరదు. ట్రేలో బిస్కెట్ ఒక వరుస, చాక్లెట్ ఒక వరుస పేర్చే పద్ధతైతే తేలిక అనుకుంటున్నాను.

గొడవ ఎక్కడంటే, మధ్యలో విప్డ్ క్రీమ్ లేకపోతే అది పార్టీ స్వీటే కాదని మా ఆడపడుచు. పాలు, కోకో, కార్న్‌ఫ్లోర్ ఉడికించి పోస్తే చాలు, ఈ ఎండల్లో క్రీమ్ ఏమిటని మా అమ్మ. ఎనిమిదింటికి మొదలైన భోజనాలు పదిన్నర దాకా సాగుతాయి. పైన ఫ్యాన్లు తప్ప ఏమీ ఉండవు. మీరైతే ఏది చేస్తారు?

పొరల పిచ్చి, కొండాపూర్:
ఇంటి నుంచే కేకుల ఆర్డర్లు చేస్తుంటాను కాబట్టి నా ఓటు ఎటో వేరే చెప్పక్కర్లేదు. క్రీమే. అంతమందికి చేస్తూ పొయ్యి ముందు నిలబడి గరిటె తిప్పే ఓపిక ఎవరికుందండీ?

నాన్‌డైరీ విప్పింగ్ క్రీమ్ గడ్డకట్టి వస్తుంది. ముందురోజు ఫ్రీజర్‌లోంచి కింది అరలోకి దింపండి. ఇంకా కాస్త మంచు పలుకులు ఉండగానే బీటర్ వేస్తే మూడు రెట్లు పొంగుతుంది. సగంలో చల్లారిన గనాష్ (వేడి క్రీమ్‌లో చాక్లెట్ కరిగించినది) కలపండి, మిగతా సగం తెల్లగానే ఉంచండి. బిస్కెట్లు కాఫీలో ముంచి తీస్తూ, ఒక నల్ల పొర, ఒక తెల్ల పొర. కోసినప్పుడు చారలు కనిపిస్తేనే కదా జనం ఆహా అనేది. ఉడికించినది అంతా ఒకటే గోధుమరంగు ముద్ద.

మల్కాజిగిరి అత్తయ్య:
ఫొటోకి పెట్టే స్వీటు వేరు, పంక్తిలో వడ్డించే స్వీటు వేరు తల్లీ. నువ్వు చెప్పిన క్రీమ్‌లో పాలకొవ్వు ఉండదు, ఎక్కువగా పామ్ కెర్నెల్ నూనెను గట్టిపరిచి చేస్తారు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తింటే బాగానే ఉంటుంది. కాస్త వెచ్చబడ్డాక తింటే అంగిటికి జిడ్డు అంటుకుని మంచినీళ్లు తాగినా వదలదు. పెళ్లిళ్లలో పేస్ట్రీ ప్లేట్లు చూడండి, పిల్లలు కేకు తినేసి క్రీమ్‌ను ఓ పక్కకు గీకి పెడతారు. ఎందుకంటారు?

నిజాంపేట అమ్మాయీ, ఒక ట్రేకి లెక్క రాసుకో. ట్రే 13 అంగుళాల పొడవు, 9 వెడల్పు, 2 లోతు. చిక్కటి పాలు లీటరున్నర, కార్న్‌ఫ్లోర్ 110 గ్రాములు, కోకో 60 గ్రాములు, పంచదార 200 గ్రాములు, డార్క్ చాక్లెట్ 200 గ్రాములు, చిటికెడు ఉప్పు. ఇరవై ముక్కలు వస్తాయి. మూడు ట్రేలకి అరవై.

కోకో చల్లటి పాలల్లో ఒక పట్టాన కలవదు, పైన తేలుతుంది. అందుకని కోకో, కార్న్‌ఫ్లోర్, పంచదార ముందు పొడిగానే కలిపేసుకుని, కాసిని చల్లటి పాలతో జారుగా చేసుకోవాలి. మిగతా పాలు కాగాక దీన్ని సన్నటి ధారగా పోస్తూ విస్క్‌తో తిప్పాలి, లేకపోతే ఉండలు కడుతుంది. చిక్కబడింది కదా అని వెంటనే దించొద్దు. బొడబొడమని బుడగలు వచ్చాక ఇంకో రెండు నిమిషాలు ఉడకాలి. అది మానేస్తే పిండివాసన పోదు, మర్నాటికి పలచబడి నీళ్లొదులుతుంది. అడుగు మందమున్న గిన్నె వాడు, మూడు ట్రేలదీ ఒకేసారి పెట్టుకోకు, అడుగంటుతుంది. దించాక చాక్లెట్ ముక్కలు వేసి కరిగేదాకా తిప్పు.

ఇక బిస్కెట్లు. ఏ కాఫీలోనూ ముంచే పనిలేదు. పొడి బిస్కెట్ల మీద వేడివేడిగా పోసేయడమే, ఆ వేడికే మెత్తబడతాయి. మూడు వరుసలు బిస్కెట్, మధ్యలో రెండు, పైన ఒకటి పుడ్డింగ్. చల్లారాక మళ్లీ కలపకూడదు, పట్టు విరిగిపోతుంది. పైన క్లింగ్ ఫిల్మ్ పుడ్డింగ్‌కి అంటుకునేలా పరిస్తే మీగడ తరకలా పైపొర కట్టదు. శుక్రవారం రాత్రి చేసుకుంటే శనివారం నీకు పనే లేదు.

కోకో పిచ్చోడు:
అత్తయ్యగారూ, దండం. కానీ 200 గ్రాముల డార్క్ చాక్లెట్ అంటే ఏది? కాంపౌండా, అసలుదా? అసలు చర్చ అది. కాంపౌండ్‌లో కోకో బటర్ ఉండదు, దాని బదులు వేరే వనస్పతి కొవ్వు వేస్తారు. అసలు చాక్లెట్‌లోని కోకో బటర్ దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నాలుక మీద పెట్టగానే జారిపోవడం అందుకే. కాంపౌండ్ అలా జారదు, నమలాలి. పెట్టేది అరవై మందికే కదా అని చవకది కొంటే ఇంత శ్రమా దండగ.

బేగంబజార్ బ్యాచ్:
అన్నా, మీరు చెప్పేదీ నిజమే కానీ మేలో మా వంటింట్లో ఉత్త గదే 38 ఉంటది. అసలు చాక్లెట్ బార్ కవర్లోనే ముద్దయిపోతది. బేగంబజార్‌లో కిలో స్లాబులు తెచ్చే హోమ్ బేకర్లందరూ కాంపౌండ్ కొనేది ధర చూసే కాదు, ఎండ చూసి కూడా.

కోకో పిచ్చోడు:
బార్‌గా నిలబెట్టాలంటే అది సమస్యే తమ్ముడూ. పైన అలంకారానికి తురిమినా, రేకుల్లా గీసినా కాంపౌండే నయం, ఒప్పుకుంటా. కానీ అత్తయ్యగారి పుడ్డింగ్‌లో చాక్లెట్ పాలల్లో కరిగిపోయి ఉంటుంది. ఆ పొరను నిలబెట్టేది కార్న్‌ఫ్లోర్, చాక్లెట్ కాదు. అక్కడ అసలుది వేసినా కారిపోయే భయం లేదు, రుచి మాత్రం తేడా తెలుస్తుంది. అదే గనాష్ పొర అయితే గట్టిపడేదే చాక్లెట్ కొవ్వు వల్ల. టెర్రస్ మీద అరగంటలో మెత్తబడుతుంది. అందుకని నా ఓటు ఉడికించిన దానికి. ఎండాకాలంలో అసలు చాక్లెట్ పెట్టగలిగే దారి అదే మరి.

పొరల పిచ్చి, కొండాపూర్:
సరే, పామ్ నూనె మీద అంత కోపముంటే పాల విప్పింగ్ క్రీమ్ వాడండి. రుచికి దానికి తిరుగులేదు.

ఓవెన్‌లేని ఇల్లు:
మధ్యలో వస్తున్నా, ఒక ప్రశ్న. అమూల్ ఫ్రెష్ క్రీమ్ ప్రతి కిరాణా కొట్లో దొరుకుతుంది కదా, దాన్నే గిలక్కొడితే పోదా?

పొరల పిచ్చి, కొండాపూర్:
పోదు. అందులో కొవ్వు 25 శాతం, ప్యాకెట్ మీదే ఉంటుంది. 30 దాటితే గాని గాలి పట్టి నిలబడదు. ఎంత కొట్టినా మజ్జిగలా నురగ వస్తుంది, అంతే. గనాష్ కలపడానికి మాత్రం హాయిగా వాడుకోవచ్చు. కొట్టడానికైతే విప్పింగ్ క్రీమ్ అని రాసి ఉన్నదే కొనాలి. క్రీమ్, గిన్నె, బీటర్ కడ్డీలు అన్నీ చల్లగా ఉండాలి, ఏసీ గదిలో చేయాలి.

మల్కాజిగిరి అత్తయ్య:
ఏసీ గదిలో చేసి టెర్రస్ మీద పెడతారన్నమాట.

పొరల పిచ్చి, కొండాపూర్:
అత్తయ్యా! నేనెప్పుడూ టెర్రస్ మీద వదిలేయమనలేదు.

పాతబస్తీ పరదేశి:
హైదరాబాద్‌లో ఉండి అరవై మందికి స్వీటంటే ఇంత ఆలోచనా? డబుల్ కా మీఠా చేయండి. ఎండకి ఏమీ కాదు, వేడిగానూ బాగుంటుంది, చల్లగానూ బాగుంటుంది. లేదంటే ఖుబానీ. అయిపోయింది.

నిజాంపేట నివాసి:
అన్నా, పిల్లలు చాక్లెట్ అన్నారు. ఖుబానీ పెడితే పెద్దవాళ్లు నన్ను మెచ్చుకుంటారు, మా అబ్బాయి మాట్లాడడం మానేస్తాడు.

పాతబస్తీ పరదేశి:
సరే, అయితే కనీసం బిస్కెట్ అయినా మనది వేయండి. ఉస్మానియా. ఆ ఉప్పుతీపి రుచి చాక్లెట్‌తో భలే ఉంటుంది. ఈ మారీ, పార్లే-జీ ఏం రుచి?

ఓవెన్‌లేని ఇల్లు:
ఆలోచన సూపర్.

మల్కాజిగిరి అత్తయ్య:
రుచి విషయంలో బాబు మాట నిజం. కానీ ఉస్మానియాలో నెయ్యో డాల్డానో ఎక్కువ, గుల్లగా ఉంటుంది. దాని మీద వేడి పుడ్డింగ్ పోస్తే పొర కాదు, పిండి అవుతుంది. చాయ్‌లో ఒక్క క్షణం ఎక్కువ ఉంచితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? వడ్డించేటప్పుడు చిదిమి పైన చల్లండి, కరకరలాడుతూ ఉప్పగా తగులుతుంది. లోపలికి మాత్రం పార్లే-జీయే. పలకలుగా ఉంటాయి కాబట్టి గోడకి ఇటుకలు పేర్చినట్టు సందు లేకుండా కూర్చుంటాయి. గుండ్రటి మారీ మధ్య సందులు మిగులుతాయి, కోసేటప్పుడు ముక్క అక్కడే విరుగుతుంది.

బేగంబజార్ బ్యాచ్:
ట్రేలో పెట్టి కోసే బదులు చిన్న కప్పుల్లో పెట్టొచ్చు కదక్కా. మూతలున్న కప్పులు మా దగ్గర వందల లెక్కన దొరుకుతయ్. చేతికి ఒకటి ఇచ్చేయడమే, లైన్ చకచకా కదుల్తది.

నిజాంపేట నివాసి:
అది నేనూ ఆలోచించాను. అరవై కప్పులు ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టను తమ్ముడూ? కూరలు, పెరుగు, పిండి గిన్నె అన్నీ తీసేసినా పట్టవు. ట్రే అయితే అరకి ఒకటి.

తార్నాక ల్యాబ్ కోట్:
ఆహార పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. మీరు క్రీమా, పుడ్డింగా అని కొట్టుకుంటున్నారు గాని రెండూ పాల పదార్థాల కిందే లెక్క. నాన్‌డైరీ అయినా మినహాయింపు లేదు, గిలక్కొట్టాక చల్లగానే ఉంచాలి. సూక్ష్మజీవులు వేగంగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల మధ్య. ఇలాంటివి బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, గాలి 32 డిగ్రీలు దాటితే గంటే. మే నెలలో రాత్రి ఎనిమిదింటికి మన టెర్రస్‌లు పగటి వేడిని ఇంకా కక్కుతూనే ఉంటాయి. కాబట్టి ఒక్క గంట అనే అనుకోండి. మీ భోజనాలు రెండున్నర గంటలు. ఏది చేసినా మూడు ట్రేలూ ఒకేసారి పైకి తీసుకెళ్లకండి. ఒకటి ఖాళీ అయ్యాక ఇంకోటి.

రెండో మాట. ఉడికించినది వేడిగా రాత్రంతా గట్టు మీద వదిలేస్తే క్రీమ్ కన్నా ప్రమాదం. అత్తయ్యగారు చెప్పని భాగం ఇది. ట్రే అడుగున చన్నీళ్లు, ఐసు ఉన్న వెడల్పాటి పళ్లెం పెట్టి పొగలు తగ్గనివ్వండి, గంటలోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మూడూ ఒకే ఫ్రిజ్‌లో కుక్కితే అన్నీ చల్లబడడం ఆలస్యమవుతుంది. పక్కింటి ఫ్రిజ్ అడగండి.

మల్కాజిగిరి అత్తయ్య:
చెప్పలేదంటే తెలియదని కాదు నాయనా. మంచి మాటే, ఆ చన్నీళ్ల పళ్లెం నేనూ పెడతాను. స్టీలు ట్రే అయితే గాజుదాని కన్నా త్వరగా చల్లారుతుంది, అది కూడా కలుపుకో.

పొరల పిచ్చి, కొండాపూర్:
ల్యాబ్ అన్న చెప్పిన ప్రకారం ఒక్కో ట్రే పైకి తెచ్చి ఇరవై నిమిషాల్లో ఖాళీ చేస్తే క్రీమ్‌కి కూడా ఏమీ కాదు కదా? మరి నా క్రీమ్ మీద కేసు కొట్టేసినట్టే.

కోకో పిచ్చోడు:
ఖాళీ చేస్తే. భోజనాల దగ్గర ఒకళ్లు పప్పులో ఉంటే ఇంకొకళ్లు స్వీట్లో ఉంటారు. పిల్లలు ముందే తినేస్తారు, పెద్దవాళ్లు పదింటికి వస్తారు. మధ్యలో ట్రే సగం ఖాళీగా అలా కూర్చుంటుంది. సగం కోసిన క్రీమ్ ట్రే అంచులు ఎలా వాలిపోతాయో మీకు తెలియంది కాదు.

పొరల పిచ్చి, కొండాపూర్:
థర్మోకోల్ డబ్బా, అడుగున ఐసు, పైన ట్రే. వాలవు. నా ఆర్డర్లన్నీ అలాగే వెళ్తాయి. తేలిక అని అడిగారు, చల్లటి పని తేలిక, పొయ్యి పని కష్టం. నేను మారను.

మల్కాజిగిరి అత్తయ్య:
బీటర్, ఏసీ గది, థర్మోకోల్ డబ్బా, ఐసు గడ్డలు. నాకు గిన్నె, గరిటె.

ఓవెన్‌లేని ఇల్లు:
😂 అత్తయ్యగారికి ఒక ఓటు. మా ఇంట్లో బీటర్ కూడా లేదు మరి.

నిజాంపేట నివాసి:
అందరికీ థ్యాంక్స్. ఉడికించినదే చేస్తున్నాను. మూడు ట్రేలు, అసలు డార్క్ చాక్లెట్, పైన ఉస్మానియా పొడి. ఒకటి మా ఫ్రిజ్‌లో, ఒకటి ఎదురింట్లో, ఒకటి వాచ్‌మన్ గది పక్కన అసోసియేషన్ ఫ్రిజ్‌లో. మా ఆడపడుచుకి చెబితే, అయితే క్రీమ్ ట్రే నేను వేరే తెస్తానంది. తేనీ, థర్మోకోల్ డబ్బా సంగతి ఆమెకి చెప్పాను.

ఒక్క సందేహం మిగిలింది. ఇంట్లో పిల్లల పాలల్లో కలిపే చాక్లెట్ పొడి పెద్ద డబ్బా ఉంది. కోకో బదులు అది వేయొచ్చా?

కోకో పిచ్చోడు:
వద్దు. అందులో ఎక్కువ భాగం పంచదారే, చాక్లెట్ రంగూ రాదు, చేదూ రాదు. తియ్యదనం కలపని కోకో అని రాసి ఉన్నది కొనండి. మూడు ట్రేలకి 180 గ్రాములు.

పొరల పిచ్చి, కొండాపూర్:
ఏ ట్రే ముందు ఖాళీ అయిందో ఆదివారం ఇక్కడ రాయాలి. మీ ఆడపడుచు పక్షాన నేను ఎదురుచూస్తుంటా.