ఉత్తరం కిటికీ, చిన్న షెల్ఫ్: చవకలో ఏ గ్రో లైట్ తీసుకోవాలి?

కొత్త కుండీ
అందరికీ నమస్కారం. ఈ దేశం వచ్చి మూడు నెలలైంది. ఒక్క గది ఫ్లాట్, ఉన్న ఒక్క కిటికీ ఉత్తరం వైపు. చలికాలం మొదలయ్యాక సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతోంది. కిటికీ దగ్గర కొత్తిమీర, పుదీనా, రెండు మిరప మొక్కలు పెట్టాను. కొత్తిమీర దారప్పోగుల్లా సాగి సాగి కుండీ అంచు మీద వాలిపోయింది. మిరప మాత్రం వచ్చిన నాలుగాకులతో అలాగే ఉంది. రెండడుగుల పొడవు, అడుగున్నర లోతు ఉన్న షెల్ఫ్ ఒకటి ఖాళీగా ఉంది, దాని మీద లైటు పెడదామని ఆలోచన. ‘1000 వాట్స్’ అని రాసిన ఊదా రంగు లైటు ఒకటి చాలా చవకగా కనిపిస్తోంది. తీసుకోవచ్చా? 1000 వాట్లంటే కరెంటు బిల్లు ఎంతొస్తుందో అని టెన్షన్‌గా ఉంది.

పాత కాపు
లైటు సంగతి తర్వాత బాబూ, ముందు లీజు కాగితం తీసి చదువు. నా అనుభవం చెప్తాను, కాస్త ఓపిగ్గా విను.

వచ్చిన రెండో ఏడు నేనూ ఇదే పని చేశాను. అదే ఊదా రంగు లైటు. కిటికీ గట్టు మీద పుదీనా, మిరప నారు పెట్టి, పైన ఆ లైటు కట్టాను. రాత్రి పదకొండింటిదాకా వెలిగేది. రోడ్డు మీద నుంచి చూస్తే మూడో అంతస్తులో మా కిటికీ ఒక్కటే గులాబీ రంగులో మెరుస్తూ ఉండేది. మా పిల్లాడికి భలే సరదాగా ఉండేది కూడా. ఒకరోజు తలుపు కింద నుంచి ఉత్తరం తోశారు. ‘మీ యూనిట్‌లో అసాధారణమైన కాంతి గురించి ఫిర్యాదు వచ్చింది, తనిఖీకి వస్తున్నాం’ అని. ఎవరు ఫిర్యాదు చేశారో రాయలేదు. ఆ రంగు లైటు కనిపిస్తే జనం ఏ మొక్క అనుకుంటారో నీకు వేరే చెప్పక్కర్లేదుగా. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. వీసా కాగితాలన్నీ తీసి బల్ల మీద పేర్చి పెట్టుకున్నాం, వాటితో ఏం పనో మాకే తెలియదు.

మర్నాడు మేనేజ్‌మెంట్ ఆఫీసు మనిషి వచ్చాడు, చేతిలో ప్యాడ్. తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్లి, ఒక ఆకు తుంపి, నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పుదీనా. నవ్వాడు. నేనూ నవ్వాను. హమ్మయ్య అనుకునేలోపు వంగి కుండీ ఎత్తి చూశాడు. చెక్క గట్టు మీద నల్లగా గుండ్రటి మచ్చ, దాని చుట్టూ చెక్క ఉబ్బిపోయి ఉంది. ఇంకో కుండీ ఎత్తాడు, ఇంకో మచ్చ. మొత్తం అయిదు. అన్నీ ఫొటోలు తీసుకున్నాడు. లైటు గురించి మళ్లీ మాటే లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గట్టు మొత్తం మార్చామని డిపాజిట్‌లోంచి కోసేశారు. మార్చలేదని నాకు తెలుసు. మా తర్వాత అందులోకి దిగింది మా మిత్రుడే, ఆ మచ్చలు వాడికీ కనిపించాయి.

ఇంకో మాట. 24 గంటల ముందు రాసిచ్చిన నోటీసు లేకుండా ఓనర్ గడప తొక్కడానికి వీల్లేదు. ఇది ఎక్కడైనా రూలే.

వోల్టేజి
బాబాయ్ గారూ, ఎక్కడైనా ఒకే రూల్ అని చెప్పకండి, కొత్తవాళ్లు అదే పట్టుకుని ఓనర్‌తో వాదనకు దిగుతారు. నోటీసు గడువు ఊరిని బట్టి మారుతుంది. వాళ్ల లీజులో ఏముందో, అక్కడి చట్టంలో ఏముందో చూసుకోవాలి.

అసలు ప్రశ్నకి వస్తాను. తమ్ముడూ, ఆ 1000 వాట్లు నిజం కాదు, కాబట్టి బిల్లు గురించి బెంగ వద్దు. పాతకాలపు దీపం ఎన్ని వాట్లదైతే దానికి ఇది సమానం అని అమ్మేవాడు వేసుకున్న లెక్క అది. ఇలాంటి లైట్లు గోడ నుంచి లాగేది చాలాసార్లు 100 వాట్ల చుట్టుపక్కలే, ఒక్కోసారి ఇంకా తక్కువ. పేజీలో కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ‘యాక్చువల్ పవర్ డ్రా’ అని ఉంటుంది, నువ్వు చూడాల్సింది ఆ అంకె. అది లేకపోతే ఆ లైటు వైపు చూడకు.

లూమెన్లు కూడా పక్కన పెట్టు. లూమెన్ అనేది మన కంటికి ఎంత వెలుగు తెలుస్తుందో చెప్పే కొలత. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పచ్చ రంగు దగ్గర బాగా చూస్తుంది. మొక్క వాడుకునేది 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉన్న వెలుగు. అది సెకనుకి చదరపు మీటరు మీద ఎన్ని మైక్రోమోల్స్ (వెలుగు కణాల లెక్క) పడుతోందో చెప్పేది పీపీఎఫ్‌డీ. నీ కొత్తిమీరకి, పుదీనాకి 200 దాకా వస్తే చాలు.

ఇప్పుడు నీ షెల్ఫ్ లెక్క. రెండడుగులు, అడుగున్నర అంటే 0.28 చదరపు మీటర్లు. 200తో గుణిస్తే సెకనుకి 56 మైక్రోమోల్స్ కావాలి. మంచి ఎల్‌ఈడీ వాటుకి 2.5 మైక్రోమోల్స్ ఇస్తుంది. అంటే 22 వాట్లు. పక్కలకి చెదిరిపోయేది కూడా కలుపుకుంటే 30 వాట్లు. అంతే! నువ్వు 1000 అన్నావు, నీకు కావలసింది 30. నాసిరకం లైటు వాటుకి ఒకటో ఒకటిన్నరో ఇస్తుంది, అలాంటిది కొంటే అదే పనికి 50 నుంచి 75 వాట్ల దాకా కాల్చాలి. అక్కడ చవక అనుకున్నది కరెంటు బిల్లులో కట్టుకుంటూ పోతావు.

30 వాట్లు రోజుకి 14 గంటలు వెలిగితే నెలకి 12.6 యూనిట్లు. మీ దగ్గర యూనిట్ ఎంతో చూసి నువ్వే గుణించుకో.

పాత కాపు
లెక్కలు బాగానే ఉన్నాయి గానీ, మొక్కకి మాత్రం ఊదా రంగే మంచిది. ఆకు ఎరుపు, నీలమే పీల్చుకుంటుంది, పచ్చని వదిలేస్తుంది కాబట్టే పచ్చగా కనిపిస్తుంది. అంతరిక్షంలో నాసావాళ్లు కూడా గులాబీ రంగు లైటు కిందే ఆకుకూర పెంచారు. ఫొటోలు నేను చూశాను.

వోల్టేజి
ఆ ఫొటోలు నేనూ చూశాను. స్పేస్ స్టేషన్‌లో మొక్కలు పెంచే ‘వెజీ’ అనే పరికరంలో ఎరుపు, నీలం ఎల్‌ఈడీలదే పైచేయి, నిజమే. 2015లో అక్కడివాళ్లు లెట్యూస్ తిన్నారు కూడా. కానీ దాంట్లో పచ్చ ఎల్‌ఈడీలూ ఉన్నాయి, ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఆకు పచ్చని పూర్తిగా వదిలేస్తుందనేది స్కూల్ పుస్తకం మాట. 1972లో మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త రకరకాల పంటల ఆకుల్ని ఒక్కో రంగు కింద పెట్టి కొలిచాడు. పచ్చ కూడా కిరణజన్య సంయోగక్రియకి బాగానే పనికొస్తుందని తేలింది. పై ఆకు దాటి కింది ఆకులదాకా దిగేది కూడా అదే.

పైగా తెల్ల లైటు కింద ఆకుకి పురుగు పట్టినా, పసుపు మచ్చ వచ్చినా వెంటనే కనిపిస్తుంది. ఊదా కింద అన్ని ఆకులూ నల్లగానే ఉంటాయి. ఇక మీ కిటికీ కథ మీరే చెప్పారు కదా బాబాయ్ గారూ, తెల్ల లైటైతే ఆ ఉత్తరం వచ్చేదే కాదు.

పాత కాపు
ఆ ఊదా లైటు కింద నాకు మిరపకాయలు కాశాయి. మీ మెక్‌క్రీ గారికి కాశాయేమో నాకు తెలియదు.

రాత్రి షిఫ్ట్
ఇంత చర్చ ఎందుకండీ? నేను మామూలు ఎల్‌ఈడీ బల్బులు రెండు, క్లిప్ ఉన్న హోల్డర్లు రెండు పెట్టి రెండేళ్లుగా ఆకుకూర పెంచుతున్నాను. గ్రో లైట్ అనే పేరుకే సగం డబ్బు.

వోల్టేజి
ఒప్పుకుంటాను, మీరన్నదాంట్లో నిజం ఉంది. 15 వాట్ల మంచి తెల్ల బల్బు 1500 లూమెన్లు ఇస్తుంది. తెల్ల ఎల్‌ఈడీకి లూమెన్లని సుమారు 70తో భాగిస్తే మైక్రోమోల్స్ వస్తాయి, అంటే 21. రెండు బల్బులకి 42. ఒక చిన్న ట్రే ఆకుకూరకి సరిపోతుంది, తమ్ముడి షెల్ఫ్ మొత్తానికి చాలదు. బల్బు అన్ని వైపులకీ వెలుగు చిమ్ముతుంది, గోడకి, మీ కళ్లకి కూడా. బార్ లైటైతే కిందికే కొడుతుంది.

మట్టి చేతులు
కొత్త కుండీ తమ్ముడూ, వీళ్లు రేపు పొద్దుటిదాకా ఆపరు. నువ్వు నా మాట విను.

రెండడుగుల తెల్ల బార్ లైటు తీసుకో, ఫ్యాన్ లేనిది. ఒక్క గదిలో రాత్రంతా ఆ ఫ్యాన్ రొద భరించలేవు. వెలుగు తగ్గించుకునే డిమ్మర్ ఉంటే ఇంకా మంచిది. షెల్ఫ్‌కి పై అర ఉంటే దానికే కట్టు, సీలింగ్‌కి మేకు కొట్టే పని ఉండదు.

ఎత్తు మాటకొస్తే, జానెడు దూరంతో మొదలుపెట్టు. తర్వాత మొక్కే చెప్తుంది. కాడ సన్నగా సాగుతూ ఆకుకీ ఆకుకీ మధ్య ఖాళీ పెరుగుతుంటే లైటు కిందికి దించు. పై ఆకులు తెల్లబారినా, అంచులు పైకి ముడుచుకున్నా పైకి ఎత్తు. ఆకుల ఎత్తులో అరచేయి పెట్టి చూడు, వేడి తగిలితే మరీ దగ్గరైనట్టే. నేను వారానికి రెండుసార్లు చూస్తాను, ఎందుకంటే మొక్క పెరిగేకొద్దీ దూరం దానంతటదే తగ్గిపోతుంది.

టైమర్ తప్పకుండా కొను. పళ్లచక్రం ఉండే మామూలు టైమర్ చాలు. 14 గంటలు వెలుగు, పది గంటలు చీకటి. ఎక్కువసేపు వెలిగితే ఎక్కువ పెరుగుతుందని నేను మొదట్లో 20 గంటలు పెట్టాను. కొత్తిమీర కోతకి రాకముందే పువ్వుకొచ్చేసింది. పగలు బాగా ఎక్కువైతే అది పువ్వు మీదికే పోతుంది.

మిరప విషయంలో ఆశ పెట్టుకోకు. వోల్టేజి గారు చెప్పిన 200తో అది బతుకుతుంది, కాయ కాయదు. కాయలు కావాలంటే కనీసం దానికి రెట్టింపు వెలుగు పడాలి. ఈ చలికాలం దాన్ని ప్రాణంతో ఉంచు చాలు.

వోల్టేజి
అక్క చెప్పినవి అన్నీ కరెక్ట్. కొనేముందు అడాప్టర్ కూడా చూడు. మీద ‘100–240 వోల్ట్స్’ అని ఉంటే ఏ దేశంలోనైనా పనిచేస్తుంది, పిన్ను మార్చుకుంటే చాలు. ఒక్క 120 అనే ఉండి మీ దగ్గర 230 వస్తే మాత్రం పెట్టావంటే కాలిపోతుంది. యూఎల్, ఈటీఎల్ లాంటి గుర్తులు బయటి ల్యాబ్ పరీక్షించాక ఇచ్చేవి. సీఈ గుర్తు చాలా వస్తువుల మీద తయారుచేసినవాడు తనే వేసుకుంటాడు, అది ఒక్కటే చూసి నమ్మకు. ఎక్స్‌టెన్షన్‌కి ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించకు. వైరు ప్లగ్ దగ్గరికి వచ్చేముందు కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి. అప్పుడు కుండీ నీళ్లు వైరు వెంట జారినా ఆ వంపు దగ్గరే కింద పడిపోతాయి, ప్లగ్‌లోకి పోవు.

50,000 గంటల ఆయుష్షు అని రాస్తారు. రోజుకి 14 గంటల లెక్కన దాదాపు పదేళ్లు. అంతకాలం చిప్పులు ఉంటాయేమో గానీ చవక లైటులో ముందు పోయేది డ్రైవరే, అంటే చిప్పులకి కరెంటు అందించే భాగం. అందుకే వారంటీ ఎన్నేళ్లో చూడు.

కొత్త కుండీ
అందరికీ చాలా థ్యాంక్స్. తెల్ల బార్ లైటు వచ్చింది, మొన్ననే కట్టాను. డబ్బా మీద ‘300 వాట్స్ సమానం’ అని ఉంది, కింద చిన్న అక్షరాల్లో 32. ప్లగ్‌కి పెట్టే వాట్ మీటర్ ఆఫీసులో ఒకాయన దగ్గర తీసుకుని చూశాను, 31 చూపించింది. అక్కా, వాలిపోయిన కొత్తిమీర మళ్లీ నిలబడుతుందా?

మట్టి చేతులు
నిలబడదు. కోసి వాడేసుకో. ధనియాలు రెండు బద్దలయ్యేలా తేలిగ్గా నలిపి, ఒక పూట నానబెట్టి కొత్తవి చల్లు. ఈసారి మొలక పైకి రాగానే లైటు పడాలి, ఆలస్యం చేశావంటే అవి కూడా సాగిపోతాయి.

పాత కాపు
అంతా బాగుంది. కుండీల కింద ప్లేట్లు పెట్టావా?

కొత్త కుండీ
పెట్టాను బాబాయ్ గారూ. రోజూ ఎత్తి చూస్తున్నాను కూడా.