బోరు లేని నల్లరేగడిలో ఏ గోధుమ?

ప్రశ్న: మధ్యప్రదేశ్‌లోని సీహోర్ దగ్గర బావమరిదితో కలిసి కౌలు చేస్తున్నాను. వానాకాలం మిగిల్చిన పదునే గోధుమకు దిక్కు. అందరూ సీ-306 అంటున్నారు. 1960ల నాటి పొడుగు రకం కదా, పడిపోదా?

జవాబు: నీళ్లు, నత్రజని ఎక్కువైతేనే పడిపోతుందండీ. మీ మెట్టలో ఆ భయం తక్కువ. పైగా షర్బతీ (ఆ ప్రాంతపు మేలిరకం గోధుమ) ధర పలుకుతుంది.

మరో జవాబు: దిగుబడి సగటు ఒక్కటే చూసి విత్తనం కొనకండి. ఒక్కో ఏటి అన్ని రకాల సగటును అడ్డంగా, మీ రకం దిగుబడిని నిలువుగా పెట్టి గీత గీసి చూడండి. ఫిన్లే, విల్కిన్సన్ అనే పరిశోధకులు 1963లో బార్లీ మీద వెలువరించిన పద్ధతి ఇదే. గీత వాలు 1 దాటితే అది మంచి ఏట విరగపండి, కరవు ఏట చతికిలబడే రకం. వాలు తక్కువుంటే చాలని మురిసిపోకండి, ఏటా అధ్వానంగా పండేదీ నిలకడైన రకమే!

ప్రశ్నించినవారు: మరి హెచ్‌ఐ-1500?

మరో జవాబు: అదీ మెట్టకు విడుదలైనదే. చెరి సగం వేయండి. విత్తనం మాత్రం తడి తగిలే లోతున పడాలి.