అప్‌డేట్: లండన్–న్యూయార్క్ దూరం, ప్రయాణ సమయం లెక్క తేలింది

లండన్ హీత్రో విమానాశ్రయం నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయానికి సుమారు 8 గంటలు, తిరుగు ప్రయాణానికి 7 గంటలే ఎందుకని అడిగాను కదా. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్. జెట్ స్ట్రీమ్ అన్నవాళ్ల మాటే నిజం: చాలా ఎత్తున పడమటి నుంచి వేగంగా వీచే ఆ గాలి పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. విమానం కింద భూమి తిరిగిపోతుందన్న వాదన మాత్రం నిలబడదు, గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది.

దూరం దాదాపు 5,540 కి.మీ. గ్లోబు మీద దారం బిగించి కొలవాలి. చదునైన మ్యాపు మీద స్కేలు పెడితే తప్పొస్తుంది.

టికెట్‌లో రెండూ స్థానిక సమయాలే, న్యూయార్క్ గడియారం లండన్ కంటే 5 గంటలు వెనక. ఉదయం 11కి బయల్దేరి మధ్యాహ్నం 2కి దిగితే 3 గంటలు కాదు, 5 కలిపి 8. తిరుగు ప్రయాణంలో 5 తీసేయాలి. మార్చి రెండో ఆదివారం నుంచి చివరి ఆదివారం దాకా తేడా 4 గంటలే, వేసవి కోసం గడియారాన్ని గంట ముందుకు జరపడం అమెరికాలో ముందే జరుగుతుంది. విమానం నేల మీద రన్‌వే దాకా వెళ్లే సమయం కూడా ఆ 8 గంటల్లోనే ఉంది.