యూరోవిజన్‌లో ఆస్ట్రేలియా: జ్యూరీ మెచ్చినా జనం ఓట్లెందుకు రాలవు?

రాగలహరి: యూరప్‌లో లేని ఆస్ట్రేలియా యూరోవిజన్‌లో, అంటే యూరప్ ప్రసార సంస్థల పాటల పోటీలో, ఏ లెక్కన పాడుతోంది? 2017లో దాని తరఫున పాడిన ఐజయా ఫైర్‌బ్రేస్‌కి జ్యూరీలు, అంటే ఒక్కో దేశపు సంగీత నిపుణుల బృందాలు, 171 పాయింట్లిస్తే జనం ఇచ్చింది 2. 2022లో షెల్డన్ రైలీకీ జనం నుంచి 2తోనే సరి. ఇది పక్షపాతమా, లెక్కలోనే మెలిక ఉందా? గెలిస్తే మరుసటి ఏడు పోటీ సిడ్నీలో పెడతారా?

తంత్రి: ముందు చివరి ప్రశ్న. సిడ్నీలో పెట్టరు. యూరప్‌లోని ఏదో ఒక ప్రసార సంస్థతో కలిసి అక్కడి నగరంలోనే జరపాలి. ఫైనల్ మధ్య యూరప్ టైము ప్రకారం రాత్రి 9కి మొదలవుతుంది, అంటే సిడ్నీలో ఆదివారం తెల్లవారుజామున 5. ఆ వేళకి గొంతు లేవాలి, హాలు నిండాలి!

ఇక అర్హత సంగతి. పోటీలో దిగేది దేశం కాదు, ప్రసార సంస్థ. ఆస్ట్రేలియాలోని ఎస్‌బీఎస్ 1983 నుంచి ఈ పోటీని చూపిస్తోంది, పోటీ నడిపే యూరప్ ప్రసార సంస్థల సమాఖ్య ఈబీయూలో అనుబంధ సభ్యురాలు. అనుబంధ సభ్యత్వంతో పాడే హక్కు రాదు, పిలుపు రావాలి. 2015లో 60వ పోటీ కాబట్టి ఆ ఒక్కసారికే అని పిలిచి, గై సెబాస్టియన్‌ని నేరుగా ఫైనల్లో పాడించారు. 5వ స్థానం వచ్చింది. 2016 నుంచి మాత్రం సెమీఫైనల్ దాటాల్సిందే.

శ్రుతిభేదం: మెలిక లెక్కలోనే ఉంది. ఒక్కో దేశంలో జనం ఓట్లు కూడి, మొదటి పది పాటలకే 12, 10, ఆపైన 8 నుంచి 1 దాకా ఇస్తారు. ఒక పాట ఇరవై దేశాల్లో పదకొండోదిగా నిలిచినా చేతికొచ్చేది గుండుసున్నా. పైగా జనం తమకు బాగా నచ్చిన పాటకే డబ్బు పెట్టి ఓటేస్తారు. "పర్లేదు, బాగానే పాడాడు" అనుకున్న పాటకి ఎవరూ ఫోను తియ్యరు. జ్యూరీ సభ్యులు అలా కాదు, పాటలన్నిటికీ వరసన ర్యాంకులు వెయ్యాలి. అందుకే శుభ్రంగా పాడిన పాట అక్కడ పైకి తేలుతుంది. సొంత దేశానికి ఓటెయ్యకూడదు గనక ఆస్ట్రేలియా జనం కూడా ఆదుకోలేరు.

రాగలహరి: మరి 2016లో డామీ ఇమ్‌కి జనం 191 ఇచ్చారుగా?

శ్రుతిభేదం: ఇచ్చారు. జ్యూరీ 320తో కలిపి 511, రెండో స్థానం. గెలిచిన ఉక్రెయిన్ జమాలాకి జ్యూరీ 211, జనం 323, మొత్తం 534. అంటే జనానికి ఆస్ట్రేలియా మీద పగేం లేదు, పాట పట్టాలి అంతే. 2023 ఇంకా తమాషా: జనం ఓట్లతోనే తేలిన రెండో సెమీలో ఆస్ట్రేలియా వాయేజర్ బ్యాండ్ ఫస్టు, ఫైనల్లో అదే జనం నుంచి 21. సెమీలో 16 పాటలు, ఫైనల్లో 26. స్వీడన్, ఫిన్లాండ్ లాంటి గట్టివి మొదటి సెమీలోంచి వచ్చి కలిశాయి.

తంత్రి: 2023 నుంచి 2025 దాకా సెమీల్లో జ్యూరీయే లేదు. 2024లో ఎలక్ట్రిక్ ఫీల్డ్స్, 2025లో గో-జో అక్కడే ఆగిపోయారు. 2026 నుంచి సెమీల్లోకి జ్యూరీని మళ్లీ తెచ్చారు. ఇక పాట మూడు నిమిషాలు దాటకూడదు గనక ఎంచేటప్పుడు ఆలోపే పట్టేసేది చూడాలి, వేదిక మీద ఆరుగురికి మించకూడదు, ప్రధాన గాత్రం లైవే. ఆ మూడు నిమిషాల్లో మొదటి అరనిమిషం నెమ్మదిగా నడిపితే జ్యూరీ ఓపిక పడుతుందేమో గానీ, సోఫాలో కూర్చున్నవాడు పట్టడు.