దవడ కీలు నొప్పికి లేజర్ ఆక్యుపంక్చర్ చేయించుకోవచ్చా?

ప్రశ్న (పర్లాకిమిడి నుండి):
మా అమ్మగారికి చాలాకాలంగా చెవి ముందరి దవడ కీలు నొప్పి ఉంది. ఆవులిస్తే టక్కుమని శబ్దం వస్తుంది. సూదులంటే భయపడే ఆమెకు లేజర్ ఆక్యుపంక్చర్ మంచిదని బరంపురంలో ఒకరు చెప్పారు. అది నిజంగా పనిచేస్తుందా?

జవాబు (రాయగడ నుండి, దంతవైద్యుడు):
ఇందులో సూదికి బదులుగా తక్కువ శక్తిగల లేజర్ కాంతిని, సాధారణంగా 600 నుండి 1000 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంలో, దవడ కండరం మీద, చెవి ముందు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే బిందువుల మీద ప్రసరింపజేస్తారు. చర్మం తెగదు, నొప్పి ఉండదు. కళ్లకు మాత్రం రక్షణ అద్దాలు తప్పనిసరి. కొన్ని చిన్న పరిశోధనల్లో నొప్పి తగ్గినట్లు కనిపించినా ఫలితాలన్నీ ఒకేలా లేవు కాబట్టి, దీన్ని తోడు చికిత్సగా మాత్రమే చూడాలని నా అభిప్రాయం. మెత్తని ఆహారం, వేడి కాపడం, దవడ వ్యాయామాలు, రాత్రి పళ్లు కొరికే అలవాటుంటే పళ్లతొడుగు: చాలామందికి వీటితోనే ఉపశమనం కలుగుతుంది. (తేగలు నమలడం కొన్నాళ్లు మానమనండి.)

జవాబు (గుణుపురం నుండి):
అమ్మగారు వక్క, గుట్కా నమిలేవారై, నోరు కూడా సరిగ్గా తెరుచుకోకపోతే, దానికి కారణం కీలు కాక, బుగ్గల లోపలి పొర గట్టిపడడం కావచ్చు. దానికి పరీక్ష వేరు, చికిత్స వేరు.

జవాబు (మళ్లీ రాయగడ నుండి):
సరిగ్గా చెప్పారు. దవడ నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు ఉంటే గుండె జబ్బు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.